మూల కత్తిరించిన కార్డు

చచ్చిపోయినవాడు రెండో కప్పు టీ అడిగాడు.

ఎవరూ కదల్లేదు. పత్రికమ్మ కిటికీ పరదా అంచు పట్టుకుని వీధిలోకి చూస్తోంది. ఎదురింటి కుట్టుపనావిడ గుడ్డ మీద ఒక కన్ను, ఈ ఇంటి మీద ఒక కన్ను వేసి మిషను తొక్కుతోంది. పట్టపగలు ఈ ఇంటికి పరదాలు వేసి ఉండడం ఆవిడ ఇంతవరకు చూసి ఎరగదు.

"టీ అడిగానక్కా," అన్నాడు తమ్ముడు మళ్ళీ.

"గొంతు తగ్గించు ముందు. పుట్టిన దగ్గర్నుంచీ నీకది చేతకాలేదు. ఇవాళైనా తగ్గించు," అంది పత్రికమ్మ.

బళ్ళో అతన్ని రేడియో అనేవాళ్ళు. నోరు మూతపడేది కాదు, పైగా పాడైన రేడియో ఏది కనబడినా విప్పి బాగుచేసేవాడు. పోయిన ఆదివారం హైస్కూలు పూర్వవిద్యార్థుల సమావేశంలో మూడువందల మంది ఈ రేడియో కోసమే లేచి, తలలు వంచుకుని, ఒక నిమిషం మౌనంగా నిలబడ్డారు. అతని బ్యాచి వాళ్ళు ఒక గౌరవపత్రం రాయించి, అద్దం కట్టించి, అతని కూతురి చేతికిచ్చారు. ఆ పిల్ల మైకు ముందు రెండు ముక్కలు మాట్లాడి, మూడో ముక్క రాక ఏడ్చింది. ముందు వరసలో పెద్దమనుషులు జేబురుమాళ్ళు తీశారు.

ఆ రేడియోయే ఈ ఉదయం ఆరున్నరకు, కూతురు ట్యూషనుకని, అటునుంచి బడికని బయల్దేరిపోయాక, ఒక చేతిసంచీతో గుమ్మంలో నిలబడి, "ఏమిటక్కా, నేను పోయానటగా," అన్నాడు.

అప్పటినుంచీ మరదలు ఒక్క మాట మాట్లాడలేదు. మొగుడి ముఖం చూసింది. చూసి, తలుపు గడియ వేసి, వంటగదిలోకి వెళ్ళి ఇస్త్రీపెట్టె వేడికి పెట్టింది. సోమవారం పన్లోకి వేసుకెళ్ళాల్సిన బట్టలు తీసి ఇస్త్రీ చెయ్యడం మొదలుపెట్టింది. అవి అయిపోయాయి. పక్కదుప్పట్లు తీసింది. అవీ అయిపోయాయి. ఇప్పుడు తుడుచుకునే తువ్వాళ్ళు చేస్తోంది. తువ్వాళ్ళకి ఇస్త్రీ ఎందుకని అడిగే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికీ లేదు.

పత్రికమ్మకి మాత్రం గడియారం మీదే ధ్యాస. నాలుగు గంటలకు పూర్వవిద్యార్థుల సంఘం కార్యదర్శి, పళ్ళ డాక్టరు, వస్తాడు, మరదలి ఉద్యోగం ఉత్తర్వు పట్టుకుని. ఈలోగా ఈ రేడియో వీధిలోకి వెళ్ళాడో, ఆ కాగితం అక్కడికక్కడే చిరిగిపోతుంది.

ఆ సంఘం పద్ధతి ఏమిటో ఊళ్ళో పిల్లలకి కూడా తెలుసు. బడి వదిలి వెళ్ళిన ప్రతివాడికీ ఒక కార్డు ఉంటుంది. ఆ కార్డులన్నీ బడి గ్రంథాలయంలో, పత్రికమ్మ బల్ల వెనక, పొడుగాటి చెక్క సొరుగుల్లో ఉంటాయి. మూడు నెలలకొకసారి ఆవిడ నాలుగు పేజీల పత్రిక తయారుచేసి అందరికీ పోస్టు చేస్తుంది, అందుకే ఆవిడకి ఆ పేరు. ఎవరికి పదోన్నతి వచ్చింది, ఎవరింట్లో పెళ్ళి, ఎవరికి ఏ సన్మానం జరిగింది, ఎవరు పోయారు. ఎవరి ప్రతి అయినా వరసగా మూడుసార్లు "ఈ పేరుగలవారు లేరు" అని తిరిగొస్తే, కత్తెరతో వాడి కార్డు పై మూల కత్తిరిస్తారు. మూల తెగినవాడి పేరు తర్వాతి సంచికలో నల్లగీతల మధ్య పడుతుంది. మనిషిని చంపడానికి ఇంత సులువైన పద్ధతి ఏ ఆసుపత్రిలోనూ లేదు.

ఒకసారి దీనివల్ల అల్లరి కూడా అయింది. ఒక బ్యాంకు గుమాస్తా రెండు వీధుల అవతలికి ఇల్లు మారాడు, అంతే. మూడు ప్రతులు తిరిగొచ్చాయి, మూల తెగింది. ఆయన పత్రిక పట్టుకుని నేరుగా గ్రంథాలయానికొచ్చి, "అమ్మా, నేను బతికున్నానని ఒక ముక్క రాసివ్వండి, మా ఆవిడ పత్రికనే నమ్ముతానంటోంది," అన్నాడు. అందరూ నవ్వుకున్నారు, సవరణ వేశారు. పద్ధతి మాత్రం మార్చలేదు. కార్డు వెనక పత్రికమ్మ సంతకం కూడా ఉండాలని ఒక ముక్క చేర్చి ఊరుకున్నారు. పెద్దలు పెట్టిన పద్ధతిని మార్చడమంటే మన సంఘాలకు పళ్ళు పీకించుకోవడంతో సమానం.

ఇంకో పద్ధతి ఉంది, అసలు కథ దాంతోనే. బడి కమిటీలో ఉన్నవాళ్ళంతా పాతవిద్యార్థులే. బళ్ళో చిన్న ఉద్యోగం ఏది ఖాళీ అయినా, చనిపోయిన పాతవిద్యార్థి కుటుంబానికి మొదటి అవకాశం. వినడానికి ఎంత బాగుంది. మరదలు ఈ పదకొండేళ్ళలో రెండుసార్లు అర్జీ పెట్టింది. మొదటిసారి, మీ ఆయన ఎప్పటికైనా తిరిగొస్తాడు, ఓపిక పట్టమన్నారు. రెండోసారి, అసలు ఎందుకు వెళ్ళిపోయాడో కనుక్కున్నావా అని అడిగారు. చచ్చినవాడి పెళ్ళానికైతే కుర్చీ వేసి ఉద్యోగం ఇస్తారు. పారిపోయినవాడి పెళ్ళానికి సలహా ఇస్తారు. ఆవిడ చేసిన నేరం ఒక్కటే. ఆవిడ మొగుడు పోతూ పోతూ చావలేదు.

పదకొండేళ్ళ కిందట ఒక గురువారం, రేడియో తన షాపులో ఎవరిదో టీవీ విప్పి బల్ల మీద పరిచి, లోపలి కాయిల్ ఒకటి కాలిపోయింది, కొనుక్కొస్తానని బయల్దేరాడు. కాయిల్ రాలేదు, మనిషి రాలేదు. విప్పిన టీవీ ముక్కలు సంచిలో పోసుకుని వెళ్ళి వాళ్ళింట్లో ఇచ్చొచ్చింది కూడా మరదలే. ఆ మర్నాటినుంచి బట్టలు ఉతికి ఇస్త్రీ చేసే కంపెనీలో పనికి కుదిరింది. ఆవిరి పెట్టె ముందు రోజూ పది గంటలు నిలబడాలి. మోచేతుల కింద కాలిన గీతలు. మోకాళ్ళ కింద నరాలు నీలంగా ఉబ్బి మెలికలు తిరిగిపోయాయి. ఇంకో ఏడాది ఇలాగే నిలబడితే తర్వాత నిలబడడమే ఉండదని డాక్టరు మొన్న వేసవిలో చెప్పాడు. బళ్ళో ఖాళీ అయినది గ్రంథాలయ సహాయకురాలి ఉద్యోగం. అది కూర్చుని చేసే పని.

*

రేడియో పత్రిక తాజా సంచిక చేతిలోకి తీసుకున్నాడు. ఉదయం నుంచి ఇది నాలుగోసారి.

"'బళ్ళో అందరికీ తలలో నాలుకగా మెలిగినవాడు.' ఇది ఎవరు రాశారక్కా, నువ్వేనా?"

"నేనే. నలభై మాటలు నింపాలి. నిజాలు పదిహేనుకే అయిపోయాయి."

అతను నవ్వాడు. జుట్టు పల్చబడింది, పొట్ట వచ్చింది, నవ్వు మాత్రం మారలేదు. ఆ నవ్వు చూస్తే పత్రికమ్మకి చిన్నప్పుడు కూడా ముందు జాలి వేసేది, తర్వాత కోపం వచ్చేది. ఇవాళ రెండూ ఒక్కసారే వచ్చాయి. ఫొటో ఎక్కడిదని అడిగాడు. పదో తరగతి గ్రూపు ఫొటోలోంచి తీసి పెద్దది చేయించారని చెప్పింది. పక్కవాడి చెవి కూడా పడిందే అని నవ్వాడు. బతికుండగా తనను ఇంత బాగా ఎవరూ అనలేదట. వకీలు అయినవాడు తన గురించి ఏమన్నాడో, బస్సుల కంపెనీ వాడు ఏమన్నాడో అన్నీ బ్యాచి వాళ్ళ ఫోను బృందంలో మారుపేరుతో చేరి చదివాడట. చదువుతుంటే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయట.

"సరే, ఎందుకొచ్చావు?" అంది పత్రికమ్మ.

ఉదయం నుంచీ అడగడానికి భయపడిన మాట అదే. జవాబు తనకు తెలుసనుకుంది. వస్తాడు, నేను బతికున్నానంటాడు, పదిమందిలో చెయ్యెత్తి నవ్వుతాడు. పళ్ళ డాక్టరు నోరు తెరుస్తాడు. మరదలు మళ్ళీ ఆవిరి పెట్టె ముందుకు వెళ్తుంది.

రేడియో పత్రిక మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు. మొదటిసారి గొంతు తగ్గించాడు.

"సవరణ వేస్తావేమోనని భయపడి వచ్చానక్కా."

ఆవిడకి అర్థం కాలేదు.

అప్పుడు అంతా చెప్పాడు. బ్యాచి వాళ్ళ ఫోను బృందంలో ఒకడు, బస్సుల కంపెనీ వాడే, పోయినేడు తనను ఏదో ఊరి బస్టాండులో చూసినట్టుందని రాశాడు. నిజంగానే చూశాడు. అక్కడ తనకు ఇల్లుంది. ఒకావిడ ఉంది, ఏడేళ్ళయింది. నాలుగేళ్ళ ఆడపిల్ల ఉంది. ముందు వెనక ఎవరూ లేనివాణ్ణని ఆవిడకి చెప్పాడు. ఇన్నేళ్ళూ తలుపు చప్పుడైతే ముందు కిటికీలోంచి ఎవరో చూసిగానీ తీసేవాడు కాదు. పత్రికలో నల్లగీతల మధ్య తన పేరు చూశాక మొదటిసారి ఒళ్ళు మరిచి నిద్రపోయాడు.

"బస్సులవాడి మాట పట్టుకుని మీరు ఆరా తీస్తే అంతా బయటపడుతుంది. ఆ ఒక్కటీ ఆపు. నువ్వు అది నిజమేనంటే ఇంక ఎవరూ అడగరు. నన్ను పోనీ అక్కా. ఇలాగే ఉండనీ."

పత్రికమ్మ కుర్చీలో కూలబడింది. వాడు చావుకి ఒప్పుకున్నాడు, ఉద్యోగం నిలబడుతుంది, సాయంత్రం బస్సుకి వాణ్ణి పంపేస్తే చాలు. ఇంత తేలిగ్గా ఊపిరి తీసుకున్నందుకు ఆ వెంటనే ఒళ్ళు చచ్చేంత సిగ్గేసింది. తను ఈ పాపం ఎవరికోసం మూటగట్టుకుందో వాళ్ళు పక్కగదిలో ఉన్నారు. దాంతో సుఖపడేది ఎవరంటే వీడు.

వంటగదిలో ఇస్త్రీపెట్టె చప్పుడు ఆగిపోయింది.

*

ఒంటిగంటన్నరకు మేనకోడలు బడినుంచి వచ్చింది. శనివారం ఒంటిపూట బడి సంగతి పత్రికమ్మకి తట్టనే లేదు. ఇన్నేళ్ళు బళ్ళోనే పనిచేసి, ఆ ఒక్క రోజు శనివారం సంగతి మరిచిపోయింది.

పదహారేళ్ళ పిల్ల. పుస్తకాల సంచి భుజం మీదినుంచి దించబోయి ఆగింది. కుర్చీలో కూర్చున్న మనిషి వైపు చూసింది. తర్వాత గోడవారగా పెట్టి ఉన్న గౌరవపత్రంలో ఫొటో వైపు చూసింది. మళ్ళీ మనిషి వైపు చూసింది.

"ఎవరత్తా?"

రేడియో లేచి రెండడుగులు వేశాడు. ఎంత పెద్దదానివయ్యావన్నాడు. ఈ మాట చెప్పడానికి పదకొండేళ్ళు పట్టింది వాడికి.

పిల్ల వెనక్కి జరిగింది. ఏడవలేదు, అరవలేదు. అక్కడే నిలబడి, అచ్చం గ్రంథాలయంలో లెక్క సరిపోని పుస్తకం గురించి అడిగినట్టు అడిగింది.

"ఈయన బతికే ఉన్నట్టు నీకు తెలుసా?"

మూడు ప్రతులూ తిరిగొచ్చాయి, పద్ధతి ప్రకారమే జరిగింది, పొరపాటు ఎవరికైనా జరుగుతుంది అని పత్రికమ్మ మొదలుపెట్టింది. ఆ మాటలు ఆవిడ సమావేశంలో చెప్పడానికని ఎప్పుడో సిద్ధం చేసుకున్నవే. ఇన్నేళ్ళూ వాడి ప్రతి పోస్టు చెయ్యకుండా తన దగ్గరే ఉంచుకుని, మొన్న వేసవినుంచే పాత అద్దె ఇంటికి పంపడం మొదలుపెట్టిందని మాత్రం చెప్పలేదు. నాలుగో మాట దగ్గర తమ్ముడు అడ్డొచ్చాడు. అడ్డొచ్చింది సాయం చెయ్యాలనే. చిన్నప్పటినుంచీ అతని సాయమంతా ఇలాగే ఉండేది.

"అత్తని ఏమీ అనకు తల్లీ. అత్త దాచకపోతే మీరు నన్ను వెతుక్కుంటూ వచ్చేసేవాళ్ళు. రెండు నెలల కిందట నేనే అత్తకి పోస్టుకార్డు రాశానుగా, బాగానే ఉన్నాను, వెతకొద్దని."

వంటగది గుమ్మంలో మరదలు నిలబడి ఉంది. చేతిలో సగం మడిచిన తువ్వాలు.

"నన్ను స్టేజీ ఎక్కించావత్తా," అంది మేనకోడలు. "నాన్న గురించి ఒక మంచి మాట చెప్పమన్నావు. నాకు గుర్తున్నది ఒక్కటే. జ్వరమొచ్చినప్పుడు రేడియోలో పాట పెట్టి మంచం పక్కన కూర్చునేవాడు. అది నేను ఎవరికీ చెప్పలేదు ఇన్నాళ్ళూ. అది తీసుకెళ్ళి మూడువందల మందికి చెప్పించావు."

సంచి తీసుకుని గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. రేడియో ఆ తలుపు దగ్గరకెళ్ళి రెండుసార్లు తట్టాడు. తలుపు తెరుచుకోలేదు. తిరిగొచ్చి కుర్చీలో కూర్చుని, కాసేపు గోళ్ళు చూసుకుని, సాయంత్రం బస్సు ఎన్నింటికని అడిగాడు.

*

వంటగదిలో మరదలు అన్నం పెట్టుకోలేదు, పెట్టలేదు. ఇస్త్రీపెట్టె తీగ చుట్టి పైన పెట్టింది. ముక్కాలిపీట లాక్కుని కూర్చుని కాళ్ళు చాపుకుంది. నరాలు కనబడుతున్నాయి.

పత్రికమ్మ వెళ్ళి గోడకానుకుని నిలబడింది. ఈ ఇద్దరూ పదకొండేళ్ళు ఒకే పొయ్యి మీద వండుకుని తిన్నారు. వాడు పోయిన నెల్లాళ్ళకి అద్దె ఇల్లు ఖాళీ చేయించి, పిల్లనీ తల్లినీ తన ఇంటికి తెచ్చుకుంది పత్రికమ్మే. ఒకరి జ్వరం ఒకరు చూసుకున్నారు. ఇద్దరికీ మధ్య ఒక అబద్ధం పడడం ఇదే మొదటిసారి.

"నీ కాళ్ళు చూశాను. అంతే. వేరే ఏమీ ఆలోచించలేదు," అంది పత్రికమ్మ.

మరదలు తలూపింది.

"నీకు చెప్పి చేస్తే నువ్వు ఒప్పుకునేదానివి కాదు."

"ఒప్పుకునేదాన్నే వదినా," అంది మరదలు. ఉదయం నుంచి ఆ గొంతు వినబడడం ఇదే. "అదే బాధ. ముందే చెప్పి ఉంటే ఒప్పుకునేదాన్ని. వాళ్ళు పెట్టిన దిక్కుమాలిన పద్ధతికి ఇదే జవాబని సంతకం పెట్టేదాన్ని. మీరూ నేనూ కలిసి చేసిన దొంగతనమయ్యేది. నిద్ర పట్టేది నాకు."

మరదలు చీర అంచు మోకాళ్ళ కిందికి లాక్కుంది.

"ఆయన వెళ్ళిపోయిన రోజునుంచి నేను ఏడవలేదు, మీకు తెలుసు. కోపం. ఆ కోపంతోనే ఆవిరి పెట్టె ముందు నిలబడ్డాను. పోయాడని మీరు చెప్పిన రాత్రి అదంతా కడిగేసుకున్నాను. పాపం, ఎక్కడ పోయాడో, ఎవరు నీళ్ళిచ్చారో అనుకున్నాను. వారం రోజులు ఏడ్చాను వదినా. ఎవరికోసం ఏడ్చానో చెప్పండి."

బయట ఎదురింటి కుట్టుమిషను గరగరలాడి ఆగింది.

"ఇప్పుడు మళ్ళీ ఆ కోపం కావాలంటే ఎక్కణ్ణించి తెచ్చుకోను?"

పత్రికమ్మ చెయ్యగలిగింది ఒక్కటే. కింద కూర్చుని ఆవిడ పాదం ఒళ్ళోకి తీసుకుని, ఎప్పటిలాగే నరాల మీద మెల్లగా నిమరబోయింది. మరదలు కాలు వెనక్కి తీసుకుంది. విసురుగా కాదు. మెల్లగానే.

*

పళ్ళ డాక్టరు నాలుగు కాకముందే వచ్చాడు. సంఘానికి ఎనిమిదేళ్ళుగా ఆయనే కార్యదర్శి. రేడియోకి రెండేళ్ళు చిన్నవాడు. మనిషి మంచివాడే. బీదవాళ్ళ పళ్ళు ఉచితంగా పీకుతాడు, పీకాక పత్రికలో వేయిస్తాడు.

రేడియోని వెనకగదిలో పెట్టి తలుపు దగ్గరగా వేశారు. మేనకోడలు తన గదిలోంచి రాలేదు. పత్రికమ్మ పరదాలు తీసింది, కుర్చీ దులిపింది. ఖాళీ టీ కప్పు తీసి పత్రికల కట్ట వెనక పెట్టింది. దులిపిన కుర్చీనే మళ్ళీ దులుపుతుంటే డాక్టరు చూశాడు. పాపం, ఇంకా దుఃఖం తగ్గలేదనుకున్నాడు.

"అక్కగారూ, మీ దుఃఖం నాకు తెలుసు. చిన్న ఇబ్బంది వచ్చి పడింది, అందుకే నేనే వచ్చాను," అన్నాడు.

బస్సుల కంపెనీ ఆయన ఏదో రాశాడట. అది పట్టించుకోవలసిన విషయం కాదట. కానీ కమిటీలో ఒకరిద్దరు పట్టుకున్నారట. అందుకని ఉత్తర్వుతో పాటు ఇంకో కాగితం తయారుచేయించారు. పత్రికమ్మ సంతకం కార్డు వెనక ఎలాగూ ఉంది. ఇప్పుడు భార్య కూడా ఒక మాట రాసిస్తే సరిపోతుంది, ఇంక నోరెత్తేవాడు ఉండడు.

రెండు కాగితాలూ బల్ల మీద పరిచాడు. ఉత్తర్వు మీద బడి ముద్ర ఉంది. రెండోదాంట్లో నాలుగే వరసలు. నా భర్త మరణించినట్లు నేను స్వయంగా ఎరుగుదునని, ఈ విషయంలో నాకు ఎటువంటి సందేహమూ లేదని. కింద, దివంగత ఫలానావారి భార్య అని, సంతకానికి చోటు.

మరదలు కూర్చుని రెండూ చదివింది. చదవడం తొందరగా రాదు ఆవిడకి. వేలు పెట్టి ఒక్కో మాటా చదివింది. డాక్టరు జేబులోంచి కలం తీసి మూత విప్పి ముందు పెట్టాడు. మూత తన చేతిలోనే ఉంచుకున్నాడు.

ఉద్యోగం సోమవారంనుంచేనా అని అడిగింది. సోమవారం నుంచేనన్నాడు. కుర్చీ ఉంటుందా అని అడిగింది. ఆయన నవ్వి, వీపుకి ఆనే కుర్చీ కూడా కొత్తది తెప్పించామన్నాడు.

సంతకం పెట్టు తల్లీ అనుకుంది పత్రికమ్మ. పెట్టెయ్యి. నా మీద కోపం తర్వాత చూసుకుందువు, నా ముఖం చూడకపోయినా సరే, ముందు ఆ కుర్చీలో కూర్చో.

మరదలు కలం తీసుకుంది.

"డాక్టరుగారూ, ఈ మాట ఒక్కటి తీసేసి ఇస్తారా ఉద్యోగం?" అంది, వేలు దివంగత అన్న మాట మీద పెట్టి.

"ఆ మాట వల్లే కదమ్మా ఇస్తున్నది."

"పని అదే. మనిషిని నేనే. కాళ్ళు ఇవే." చెప్పే గొంతు ఎక్కడా లేవలేదు. "మొగుడు పోయినదానికి వచ్చే కాళ్ళనొప్పి మొగుడు వదిలేసినదానికి రాదాండీ?"

డాక్టరు ఇబ్బందిగా పత్రికమ్మ వైపు చూశాడు. పద్ధతి అలా ఉందని, తను పెట్టింది కాదని, ఎప్పటినుంచో వస్తున్నదని అన్నాడు. అయినా ఇప్పుడు ఆ ప్రశ్న ఎందుకు, మీ విషయంలో ఆ ఇబ్బంది లేదు కదా అన్నాడు. నిజానికి ఆయన గొంతులో దయే ఉంది. ఆ దయకి కూడా నల్లగీతలు గీసి ఉన్నాయి.

"మీ పత్రికలో ఇరవై ఏళ్ళనుంచి ఎవరెవరికో సన్మానాలు వేస్తున్నారు," అంది మరదలు. "నేనూ ఈ బళ్ళోనే ఎనిమిది దాకా చదివాను. నాకూ ఒక కార్డు ఉండాలి. ఉందా వదినా?"

ఉంది. పత్రికమ్మ తలూపింది. ఎనిమిదితో ఆపినవాళ్ళ కార్డులు అడుగు సొరుగులో, వేరుగా ఉంటాయి. వాళ్ళకి పత్రిక పంపరు. పంపనిది తిరిగిరాదు గనక, వాళ్ళెవరూ ఇంతవరకు చావలేదు.

"అడగాలనిపించింది, అడిగాను," అంది మరదలు.

కాగితం తన వైపు లాక్కుంది. కలం సరిగ్గా సంతకం పెట్టాల్సిన చోట ఆనించింది. పత్రికమ్మకి కళ్ళు మూసుకుపోయాయి. డాక్టరు మంచిదన్నట్టు ముందుకు వంగాడు.

కలం కదిలిన చప్పుడు రాలేదు.

పత్రికమ్మ కళ్ళు తెరిచేసరికి మరదలు వెనకగది తలుపు వైపు తిరిగి ఉంది. పదకొండేళ్ళ తర్వాత, మొగుణ్ణి భార్య ఎలా పిలుస్తుందో సరిగ్గా అలాగే, పక్కింటివాళ్ళు కూడా తప్పు పట్టలేనంత మామూలుగా పిలిచింది.

"ఏవండీ, ఒకసారి బయటికి రండి. మీరు పోయారని నన్ను సంతకం పెట్టమంటున్నారు."

లోపల కుర్చీ కదిలింది. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు.

పళ్ళ డాక్టరు ఆ తలుపు వైపు చూశాడు, పత్రికమ్మ ముఖం వైపు చూశాడు. ఆవిడ ముఖంలో ఏం చదివాడో, మెల్లగా చెయ్యి చాపి, బల్ల మీది ఉత్తర్వు కాగితాన్ని తన వైపు లాక్కోసాగాడు. రెండో చివర మరదలి అరచేయి పడింది. ఆవిడ దాన్ని వదల్లేదు.